సున్నా ఫిర్యాదుల వెనక సంతకం

(తిరుపతిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ గురించి మహిళా సంఘాల సమావేశంలో ఎందుకని మీకు అనిపించవచ్చు. అది ప్రిన్సిపాళ్ల తలనొప్పి అని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఆ అభిప్రాయం ఎలా మారిందో చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెట్టాలి.

కొన్నేళ్ల క్రితం చిత్తూరు జిల్లాలో ఒక కాలేజీవాళ్లు నన్ను తమ అంతర్గత ఫిర్యాదుల కమిటీలో బయటి సభ్యురాలిగా వేసుకున్నారు. ఏడాదిన్నర పాటు ఒక్క సమావేశానికీ పిలుపు రాలేదు. న్యాక్ బృందం రావడానికి వారం ముందు మినిట్స్ పుస్తకం మా ఇంటికొచ్చింది. ఆరు సమావేశాలు, ఆరు తేదీలు, అన్నిట్లోనూ ఒకటే వాక్యం: ఫిర్యాదులేవీ రాలేదు. పుస్తకం తెచ్చినామె కాంట్రాక్టు లెక్చరర్. "సంతకాల్లేకుండా తిరిగెళ్తే నన్నంటారు మేడం" అంది. పెట్టాను. వెళ్లేముందు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, ఒక సారు గదికి ఒంటరిగా వెళ్లొద్దని హాస్టల్ పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారని చెప్పింది.

నేను సంతకం పెట్టిన ఆ స్థానం ఎవరో దయతో ఇచ్చింది కాదు. 1992లో రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీదేవిపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆ నేపథ్యంలో మహిళా సంఘాలు వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలిచ్చింది. పైవాళ్ల ఒత్తిడికి కమిటీ లొంగకుండా బయటివ్యక్తి ఉండాలంది. 2013 చట్టం దాన్ని నిలబెట్టింది. 2015 యు.జి.సి. నిబంధనలు ఇంకా ముందుకెళ్లి, వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, శాఖాధిపతి వంటి అధికారులు కమిటీలో ఉండకూడదన్నాయి. విద్యార్థుల కేసుల్లో ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు ముగ్గురుండాలన్నాయి.

1994లో ఏర్పడిన న్యాక్ ఇంతకాలం ఏడు ప్రమాణాలతో కాలేజీలను కొలిచింది. ఆరోది పాలన, నాయకత్వం. ప్రణాళిక ఉందా, అమలవుతోందా అని అడుగుతుంది. ఏడోదానిలో స్త్రీ పురుష సమానత్వం ఉంది. అయితే ఈ మదింపుకు మూలం కాలేజీ తన గురించి తాను రాసుకునే నివేదిక. అందులో 'సున్నా' విజయంలా కనిపిస్తుంది. గ్రేడ్లు తీసేసి, గుర్తింపు ఉందా లేదా అన్నదే తేల్చే పద్ధతిని 2024లో ప్రకటించారు. పద్ధతి ఏదైనా, కాగితం అబద్ధమాడితే మదింపూ అబద్ధమే.

1983లో మహిళా విశ్వవిద్యాలయం వెలసిన ఊరు మన తిరుపతి. కుప్పం, పలమనేరు, పుంగనూరు పల్లెల నుంచి ఇంట్లో పోట్లాడి చదువుకొచ్చే పిల్లలున్నారు. ఫిర్యాదు చేస్తే ముందు ఆగిపోయేది ఆమె చదువే. తండ్రి వచ్చి పెట్టె సర్దించి తీసుకెళ్తాడు. సున్నాకు అర్థం వేధింపు లేదని కాదు, నోరు విప్పే దారి లేదని కూడా కావచ్చు. ప్రణాళిక తెలిసిన ప్రిన్సిపాల్ ఆ సున్నాను చూసి సంతోషించదు, అనుమానిస్తుంది.

కాబట్టి కమిటీల్లో ఉన్న మీ అందరికీ నా విన్నపం. జరగని సమావేశానికి సంతకం పెట్టకండి. చట్టప్రకారం కమిటీ ఏటా ఇవ్వాల్సిన నివేదికను రాసేటప్పుడు మీరూ కూర్చోండి. విద్యార్థి ప్రతినిధుల ఎన్నిక జరిగిందా అని అడగండి. లెక్చరర్లు లేనప్పుడు హాస్టల్ పిల్లలతో మాట్లాడండి. కాలేజీల నాణ్యతా విభాగంలో స్థానిక సమాజం నుంచి ఒకరుండాలని న్యాక్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ స్థానాన్ని ఊళ్లో పెద్దమనుషులకు వదిలేయకుండా మనం అడుగుదాం. కాలేజీ ప్రణాళిక తయారయ్యేది అక్కడే.

తర్వాత నేను సమావేశం పెట్టమని ఆ కాలేజీకి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. గడువు ముగిశాక నన్ను మళ్లీ వేసుకోలేదు. ఆ పుస్తకంలో నా ఆరు సంతకాలు మాత్రం ఉన్నాయి. మీవి అలా ఉండకూడదనే ఈ మాటలు చెప్పాను.