వికారాబాద్‌కు పేరిచ్చిన నవాబు

పెద్దేముల్ నుంచి తాండూరుకో, వికారాబాద్‌కో రోజూ బస్సెక్కే మనం, 2016 నుంచి మన జిల్లా పేరు కూడా అయిన ఆ పేరు ఎవరిదో తెలుసుకోవాలి. ఆయనే నవాబ్ వికారుల్ ఉమ్రా.

పుట్టింది 1856లో, పాయిగా వంశంలో. నిజాం తర్వాత అంతటి హోదా ఉన్న కుటుంబం అది. ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు స్వయానా బావ. 1890లలో హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రి అయి, 1901 దాకా కొనసాగారు.

కానీ ఆయన మనసంతా కట్టడాల మీదే. 1884లో హైదరాబాద్‌కు దక్షిణాన గుట్ట మీద ఫలక్‌నుమా మహలుకు పునాది వేయించారు. అందులోని భోజనాల బల్లను ఒక్కసారి ఊహించుకోండి: ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు! గ్రంథాలయం పైకప్పు చెక్కిన వాల్‌నట్ కలపతో చేసింది. ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలోని పనితనమే దానికి నమూనా. దేశదేశాల చిత్రాలు, దీపాలు, సామాను తెప్పించారు. ఆ ఖర్చు పాయిగా సంపదకు కూడా మోయలేని భారమైంది. చివరికి మహలు నిజాం చేతికి వెళ్లింది.

స్పెయిన్‌లో చూసిన మసీదుల అందం కూడా వికారుల్ ఉమ్రాను వదల్లేదు. బేగంపేటలో అదే తీరున మసీదు మొదలుపెట్టించారు. 1902లో ఆయన పోయారు, 1906లో అది పూర్తయింది. గుమ్మటాలకు బదులు కోసుగా లేచే శిఖరాలుంటాయి. బేగంపేట వైపు వెళ్లినప్పుడు తప్పక చూడండి, నమాజు ఇప్పటికీ జరుగుతోంది.