ఎల్ఈడీ దీపం: లెక్క, జాగ్రత్త

(కెలవరపల్లిలో ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. ఇంజనీరును కాను. అయినా ఈ విషయం ఎందుకు ఎంచుకున్నానంటే, ఎల్ఈడీ దీపంలో ఉన్నది కూడా జమాఖర్చుల లెక్కే.

మన హోసూరు ప్రాంతంలో వేకువనే గులాబీలు కోసి కట్టలు కట్టే కుటుంబాలున్నాయి. కరెంటు పోయినా పని ఆగకూడదు, పిల్లల చదువు ఆగకూడదు. అందుకే పాత బ్యాటరీతో దీపం చేసుకోవాలని మీకు ఉత్సాహం కలగడం సహజం. మంచిదే. కాని లెక్క తెలిసి చేయండి.

తెల్లని ఎల్ఈడీకి మూలం నీలి ఎల్ఈడీ. దాన్ని సాధించిన అకసాకి, అమనో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. చిన్న తెల్ల ఎల్ఈడీకి సుమారు 3.2 వోల్టులు, 20 మిల్లీ ఆంపియర్లు చాలు. వోల్టేజి కాస్త పెరిగితే కరెంటు విపరీతంగా పెరుగుతుంది. ఓవర్‌డ్రాఫ్టుకు పరిమితి పెట్టినట్టు దానికీ పరిమితి పెట్టాలి. ఆ పని చేసేది రెసిస్టర్.

12 వోల్టుల బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు సుమారు 14 వోల్టులకు చేరుతుంది. మూడు ఎల్ఈడీలను వరుసగా కలిపితే 9.6 వోల్టులు ఖర్చు. మిగిలిన 4.4ను 0.02తో భాగిస్తే 220 ఓములు. పావు వాట్ రెసిస్టర్ సరిపోతుంది. పన్నెండు దీపాలైతే నాలుగు వరుసలు, వరుసకొక రెసిస్టర్. అన్నింటికీ కలిపి ఒకటే పెడితే తక్కువ వోల్టేజికే వెలిగే వరుస ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి, ముందుగా మాడిపోతుంది.

12 వోల్టులు షాక్ కొట్టవు కదా అనుకోకండి. ప్లస్, మైనస్ తగిలితే బ్యాటరీ తీగను ఎర్రగా కాల్చగలదు. అందుకే ప్లస్ తీగకు, బ్యాటరీ దగ్గరే, అర ఆంపియర్ ఫ్యూజు వేయండి. అతుకులకు ఇన్సులేషన్ టేపు చుట్టండి. ఛార్జి అయ్యే బ్యాటరీ నుండి మండే వాయువు వస్తుంది. దాన్ని గాలి ఆడేచోట ఉంచండి, దగ్గర నిప్పురవ్వ రానీయకండి.

ముఖ్యమైన మాట ఒకటి. గోడ ప్లగ్గుకు పెట్టే చౌక రీఛార్జి దీపాలు చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. లోపల ఎల్ఈడీకి మూడు వోల్టులే కావచ్చు. కాని ఆ తీగలు 230 వోల్టుల లైనుతో నేరుగా కలిసి ఉంటాయి. ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు. ప్లగ్గులో ఉండగా వాటిని ఎన్నడూ విప్పకండి. తీసిన తరువాత కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉండవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల చేతిలోని స్క్రూడ్రైవర్ లాక్కోకండి. పక్కన కూర్చుని, "ఫ్యూజు ఎక్కడ వేశావు నాయనా?" అని అడగండి. ఆ జవాబు చెప్పగలిగిన పిల్లవాడు దీపం చేయడానికి తగినవాడే.