చేతికందిన రొక్కము

పేదకుటుంబములకు రొక్కమే చేతికిచ్చినచో అది వ్యర్థవ్యయముల పాలగునన్న శంక మన విద్యావంతులలో చిరకాలముగా పాతుకొనియున్నది. ఆ శంకను పరీక్షింపగోరి, శ్రామిక మహిళల సంఘమైన ‘సేవ’, యూనిసెఫ్ సహాయముతో, 2011వ సంవత్సరమున మధ్యప్రదేశమునందలి ఇందోరు ప్రాంతపు ఎనిమిది గ్రామములలో, కలవారు లేనివారు అను భేదము పాటింపక, పెద్దలకు నెలకు తలకు 200 రూపాయలును, బిడ్డకు 100 రూపాయలును ఒసంగి, బిడ్డల సొమ్మును తల్లులకే ముట్టజెప్పి, ఏడాది గడచిన పిదప ఆ మొత్తములను 300కును 150కిని పెంచెను. రొక్కమందని పన్నెండు గ్రామములను పోలికకై పరిశీలించెను.

రొక్కమందిన గ్రామములలో మద్యపానము పెరుగలేదు. పసిబిడ్డల, అందునను ఆడుబిడ్డల, పోషణ మెరుగుపడెను. బడిచదువునకు వ్యయము హెచ్చెను. అన్నిటికన్న నన్ను ఆకర్షించినది వేఱొకటి: పరుల చేలలో కూలికి పోవువారు పలువురు విత్తనములును ఎరువులును కొనుక్కొని తమ చిన్న చెక్కలలో తామే సేద్యమునకు పూనుకొనిరి, కొందఱు పశువులను కొనిరి. మొత్తము స్వల్పమే, అయినను నెలనెలా తప్పక వచ్చునన్న భరోసా కలుగుటచే, అప్పుకై వడ్డీవ్యాపారి గడప తొక్కవలసిన అగత్యము తగ్గెను.

మన తెలంగాణమునను ఇట్లే రైతులకు రొక్కసహాయము చేయుటకై 2018 మే నెలలో ఆరంభమైన రైతుబంధు పథకము ఎకరమునకు, పంటకు 4,000 రూపాయలిచ్చెను. కాని పట్టా కలవానికే ఇచ్చెను. ఇరువది ఎకరముల ఆసామికి ఒక్క పంటకే ఎనుబదివేలు ముట్టగా, ఆ పొలమునే కౌలుకు దున్నువానికి ఏమియు దక్కకపోవుట నాకు మిక్కిలి బాధాకరముగా తోచుచున్నది.