ఒకే గీత మీద రెండు పిలుపులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఎవరి వృత్తి గురించి వాళ్లు నాలుగు మాటలు చెప్పాలని సంఘం వాళ్లు అడిగారు. నాది కంప్యూటర్లు బాగుచేసే పని. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య సంచీ తగిలించుకుని ఏళ్లతరబడి తిరిగాను. విండోస్ 98 కాలంలో నన్ను ఎక్కువగా తిప్పిన జబ్బు గురించి చెబుతాను.

అప్పటి కంప్యూటర్ వెనక 9 పిన్నుల సీరియల్ పోర్టు ఉండేది. మౌసు, మోడెమ్, తూకం యంత్రం అన్నీ ఈ జాతివే. వీటి పోర్టులకు కామ్1 నుంచి కామ్4 దాకా పేర్లు. సమాచారం రాగానే పరికరం ప్రాసెసర్‌ను పిలవాలి. ఆ పిలుపు వెళ్లే గీత పేరు ఐఆర్‌క్యూ. మొత్తం గీతలు 16. టైమరుకు 0, కీబోర్డుకు 1, ఫ్లాపీకి 6 పోగా మిగిలేవి కొన్నే. అందుకే కామ్1, కామ్3 రెండింటికీ 4వ గీత, కామ్2, కామ్4 రెండింటికీ 3వ గీత ఇవ్వడం ఆనవాయితీ అయింది.

మన రైలు మార్గం సింగిల్ లైనుగా ఉన్న రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. పెనుకొండలో క్రాసింగ్ పడితే ఒక బండి ఆగేది, రెండోది వెళ్లేది. పాత ఐఎస్ఏ కార్డులకు అలా ఆపే స్టేషన్ మాస్టర్ లేడు. ఒక పరికరం గీతను పట్టుకుని ఉంటే రెండోదాని పిలుపు వినపడదు. రెండూ ఒకేసారి పని చేయనంత వరకు అంతా సవ్యంగానే ఉంటుంది. అందుకే జబ్బు చిక్కేది కాదు.

హిందూపురంలో ఒక చింతపండు వ్యాపారి దగ్గర కాటాను కామ్1కు కలిపారు. తూకం నేరుగా కంప్యూటర్లో పడి చీటీ వచ్చేది. తర్వాత లోపల మోడెమ్ కార్డు పెట్టించారు. అప్పటి నుంచి అప్పుడప్పుడు ముందు బస్తా తూకమే తర్వాతి చీటీలోనూ పడసాగింది. రైతులు గొడవకు దిగారు. యజమాని అనుమానం చీటీలు తీసే కుర్రాడి మీద పడింది. రేపటి నుంచి రావద్దనే దాకా వచ్చింది.

"నేనేం ముట్టుకోలేదు సార్. కాటా మీద సరిగ్గానే ఉండాది. స్క్రీను మీదే అంకె కదలదు" అన్నాడు.

ఆ మాటే ఆధారం. తప్పు పడిన చీటీల వేళలన్నీ వరసగా రాయించాను. అన్నీ యజమాని మోడెమ్‌తో ఫోను కలిపే వేళలే! అందరి ముందూ కాటా మీద బస్తా పెట్టించి, ఫోను కలిపించి, బస్తా మార్పించాను. స్క్రీను మీద అంకె కదల్లేదు. డివైస్ మేనేజర్‌లో చూస్తే మోడెమ్ కామ్3. రెండింటికీ 4వ గీతే.

ఆ కంప్యూటర్లో సౌండ్ కార్డు లేదు, 5వ గీత ఖాళీ. కరెంటు తీసి, మోడెమ్ కార్డు మీది జంపర్‌ను 5కి మార్చాను. డివైస్ మేనేజర్‌లో ఆటోమేటిక్ టిక్కు తీసి అక్కడా 5 పెట్టాను. మళ్లీ ఫోను కలిపి బస్తా తర్వాత బస్తా తూచాం. ప్రతి అంకె కాటాతో సరిపోయింది. యజమాని కాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్రాణ్ణి పిలిచి, తన కుర్చీ పక్కనే కూర్చోబెట్టుకుని టీ తెప్పించాడు.

ధర్మవరంలో చీరల డిజైన్లు గీసే చోట ఇదే జబ్బు ఇంకో వేషం కట్టింది. ఫోను కలిపితే చాలు, మౌసు బాణం కొంగు బొమ్మ మీద నిలిచిపోయేది. కొత్త మౌసు కొన్నా అంతే. దోషం మౌసుది కాదు, గీతది.

తర్వాత పీసీఐ, యూఎస్‌బీ వచ్చాయి. గీతను పంచుకునే పద్ధతి వాటిలోనే ఉంది కాబట్టి ఈ బాధ తగ్గింది. కానీ పని తీరు మారలేదు. ఎప్పుడు జరిగిందో రాసుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చాక అదే పరీక్ష మళ్లీ చేయాలి. సైన్సు రికార్డులో పరిశీలన రాయకుండా నిర్ధారణ రాస్తే మన మాస్టార్లు ఎర్ర సిరాతో కొట్టేసేవారు. ఆ ఎర్ర గీత విలువ ఒక కుర్రాడి ఉద్యోగమంత అని నాకు హిందూపురంలో తెలిసింది.

సంఘానికి ఒక మనవి. మన ఇళ్లలో మూలపడ్డ పాత కంప్యూటర్లు బడికి ఇద్దాం. పిల్లలు విప్పి చూసి, మళ్లీ బిగించి నేర్చుకుంటారు. విప్పడం నేర్పడానికి నెలకో శనివారం నేను వస్తాను.

సెలవు.