పెట్రోలులో మద్యసారము – పడవవాని మొఱ

ఆదవాని పఠనమందిరమున చేసిన యుపన్యాసపాఠము



ఆదవానిలో పడవలనుగూర్చి యుపన్యాసమేమని కొందఱు నవ్వుకొనవచ్చును. చినుకుకొఱకు ఆకాశమువంక చూచు సీమ మనది. తుంగభద్ర దిగువ కాలువకు నీరు వచ్చునా రాదా యనుటయే యిచట ఏటేట జరుగు చర్చ. మంత్రాలయముకడ పుట్టి నడుపువానికి తెడ్డు చాలును, పెట్రోలుతో పనిలేదు. ఐనను 2009 అక్టోబరు మొదటి దినములలో ఆ తుంగభద్రయే పొంగి మంత్రాలయమును ముంచినది. కర్నూలు పట్టణమున జనులు మేడలెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ వీథులు చెఱువులైనప్పుడును జనులు పడవలకొఱకే యెదురుచూచిరి. అట్టి దినమున రక్షక దళములవారు తెచ్చు రబ్బరు పడవకు వెనుక తగిలించిన యంత్రము పెట్రోలుతో నడచును. అది నెలల తరబడి కొట్టులో నిద్రించి, ఒక్క దినమున, ఒక్క గుంజుతో మేలుకొనవలెను. మేలుకొననిచో నేమగునో మీకు చెప్పనక్కఱలేదు. కావున ఆ యంత్రము త్రాగు పెట్రోలులో ఏమి కలసియున్నదో తెలిసికొనుట మెట్టసీమవారికిని అవసరమే.

నేడు మనము బంకులలో కొనునది వట్టి పెట్రోలు గాదు. అందు ఇథనాలు అను మద్యసారము కలసియున్నది. చెఱకు మడ్డినుండియు, చెఱకు రసమునుండియు, నూకలనుండియు, మొక్కజొన్నలనుండియు దీనిని దించుదురు. ఈ యూహ క్రొత్తది గాదు. స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి యేడే, 1948లో, పెట్రోలులో మద్యసారము కలుపుటకై ఇండియన్ పవర్ ఆల్కహాల్ చట్టము చేయబడినది. 2000 సంవత్సరమున అది రద్దయినది. 2003 జనవరినుండి కొన్ని రాష్ట్రములలో నూటికి 5 పాళ్లు కలుప నారంభించిరి. 2018 నాటి జీవ ఇంధన విధానము 2030 నాటికి 20 పాళ్లు కలుపవలెనని గడువు పెట్టగా, 2022లో ఆ గడువును 2025-26కు ముందునకు జరిపిరి. 2022 జూను నాటికి 10 పాళ్లయినవి. 2023 ఫిబ్రవరిలో బెంగుళూరున 20 పాళ్ల పెట్రోలు విడుదలయినది. 2025లో దేశమంతటను 20 పాళ్ల లక్ష్యము చేరితిమని ప్రభుత్వము ప్రకటించినది.

ఈ యుద్దేశమును మేము నిందింపము. దేశమునకు కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి పరదేశములనుండి వచ్చుచున్నది. ఆ ధనములో కొంత మన చెఱకు రైతునకు, మొక్కజొన్న రైతునకు చేరినచో సంతోషింపనివా డెవడు? మా ప్రశ్న వేఱు. మేలు దేశమునకైనప్పుడు నష్టము మాత్రము పాతయంత్రము గలవానికే యేల? వానితో ఒక్కమాటయైన చెప్పక, వానికి వేఱొక దారి చూపక, నష్టమును వాని నెత్తిన నేల పెట్టవలెను?

మొదట నష్టమెట్టిదో వివరింతుము. మద్యసారమునకును నీటికిని మిక్కిలి చుట్టఱికము. పెట్రోలు నీటిని దగ్గఱకు రానీయదు. మద్యసారమో గాలిలోని తేమను సయితము పిలిచి తనలో చేర్చుకొనును. పడవ యుండుట నీటిపై. దాని పెట్రోలు తొట్టికి గాలి పోవుటకు సందు ఉండును. పగటి యెండకు తొట్టిలోని ఆవిరి వెలికిపోవును, రాత్రి చల్లదనమునకు బయటి తేమగాలి లోనికి వచ్చును. ఇట్లు దినదినమును తొట్టి శ్వాసించుచు తేమను త్రాగుచుండును. నూటికి 10 పాళ్ల మద్యసారము గల పెట్రోలు ఇంచుమించు నూటికి అరపాలు నీటిని మాత్రమే తనలో కలుపుకొనగలదు. అనగా 10 లీటర్ల తొట్టిలో 50 మిల్లీలీటర్లు, ఒక చిన్న గ్లాసెడైనను గాదు. అది దాటినచో మద్యసారము పెట్రోలును విడిచి, నీటితో చేయి కలిపి, తొట్టి యడుగునకు దిగును. యంత్రము పీల్చునది ఆ యడుగునుండియే! 20 పాళ్ల మిశ్రమము ఇంకను కొంత యెక్కువ నీటిని భరించుననుట నిజము. కాని విడిపోవుట జరిగెనా, అడుగున చేరు నీటిసారాయము హెచ్చగును. పైన మిగిలిన పెట్రోలునకు పూర్వపు సత్తువ యుండదు.

దినమును తిరుగు బండికి ఈ భయము స్వల్పము. పోసిన పెట్రోలు వారములోనే కాలిపోవును. నెలలకొలది కదలక నిలిచియుండు యంత్రమునకే యీ కీడు. కావుననే యీ మొఱ పడవలవారినోట మొదట వినవచ్చినది. అమెరికాలో 2004 ప్రాంతమున న్యూయార్కు, కనెక్టికట్ రాష్ట్రములలో పెట్రోలులో మద్యసారము ప్రవేశింపగా, పాతపడవలలోని ఫైబరుగాజు తొట్ల జిగురు కరగి యంత్రములలోనికి పోయి వానిని చెఱచినది. పడవలవారు ఊరకుండలేదు. ఫలితమేమి? 2010, 2011 సంవత్సరములలో అచటి పర్యావరణ సంస్థ నూటికి 15 పాళ్ల మిశ్రమమునకు అనుమతి నిచ్చినపుడు, అది 2001 నుండి తయారైన కార్లకే యని హద్దు గీచి, పడవలలోను మోటారు సైకిళ్లలోను పోయరాదని ప్రతి పంపుపైనను చీటి యంటింప నాజ్ఞాపించినది. అచట 15 పాళ్లకే పడవవానికి హెచ్చరిక యున్నది. ఇచట 20 పాళ్లు పోయుచు చీటి యడిగినవానిని దేశాభివృద్ధికి అడ్డుపడువానిగా చూచుట న్యాయమా?

మన తీరమున యంత్రపు పడవలలో అధికభాగము డీజిలుతో నడచును గావున పెట్రోలు పడవలు కొన్నియే యని యెవరైన అనవచ్చును. ఒప్పుకొందుము. కాని వరదదినమున ఆ కొన్నిటిమీదనే వేలజనుల ప్రాణములాధారపడియున్నవి. పడవ యంత్రమునకు మనయూళ్లలో చుట్టములును గలవు. ఆదవాని పత్తి రైతు భుజమున మోయు మందుకొట్టు యంత్రము ఎట్టిది? అందు రెండు స్ట్రోకులవానిలో పెట్రోలుతో నూనె కలిపి పోయుదురు. పంటకాలము తీరినపిదప దానిని ఇంటి మూలనో పశువుల కొట్టమునో పడవేయుదురు. మిగిలిన పెట్రోలు అందే యుండును. నూనె కలియునది పెట్రోలులోనేగాని నీటిసారాయములో గాదు. మఱుసటి కారున త్రాడు లాగినపుడు నూనెలేని యడుగుద్రవమును పీల్చిన యంత్రము ఒరసికొని పట్టివేయును. పురుగు పైరును తినుచుండగా రైతు యంత్రమును మోసికొని మెకానికు అంగడికి పరుగిడును. పెట్రోలుతో నడచు జనరేటరు గల అంగడివానికిని ఈ గతియే పట్టవచ్చును. తనకీ నష్టమేల వచ్చెనో వానికి చెప్పువాడు లేడు.

ఇక దినమును తిరుగు బండ్లవారి సంగతి. మద్యసారమున లీటరుకు గల వేడి పెట్రోలులోని దానికన్న ఇంచుమించు మూడవవంతు తక్కువ. నీతి ఆయోగ్ 2021 జూనులో ప్రకటించిన నివేదికయే, 10 పాళ్ల మిశ్రమమునకు సరిచేయబడిన పాతరకపు యంత్రములలో 20 పాళ్ల పెట్రోలు పోసినచో కార్లకు నూటికి 6 నుండి 7 పాళ్లును, ద్విచక్రవాహనములకు 3 నుండి 4 పాళ్లును ప్రయాణము తగ్గునని చెప్పినది. ఎమ్మిగనూరు నేతగాడు చీరల మూట కట్టుకొని పోవు పాతబండి నూఱు మైళ్లు పోవలసినచోట మూడు నాలుగు మైళ్లు ముందే ఆగును. బంకులో వాడు చెల్లించిన ధరమాత్రము తగ్గలేదు.

సభాసదులారా, ఆ నివేదికలోనే మఱి రెండు మాటలు గలవు. 10 పాళ్ల పెట్రోలును పాతబండ్ల రక్షణకై దేశమంతట అందుబాటున ఉంచుచు, 20 పాళ్ల దానిని అంచెలంచెలుగా ప్రవేశపెట్టవలెననుట మొదటిది. మిశ్రమ పెట్రోలు ధర మామూలు పెట్రోలుకన్న తక్కువగా నుండవలెననుట రెండవది. 20 పాళ్ల గడువును ముందునకు జరిపినవారు ఈ రెండు మాటలను వెనుకకు నెట్టిరి. ఇథనాలే ఖరీదై, 2025 నడుమకు సగటున లీటరు 71 రూపాయలకు చేరినందున ధర తగ్గింప వీలులేదని 2025 ఆగస్టులో పెట్రోలియము మంత్రిత్వశాఖవారు సమాధానమిచ్చిరి. ప్రయాణపు తగ్గుదల స్వల్పమనియు, కొన్ని పాతబండ్లలో 20,000 నుండి 30,000 కిలోమీటర్ల పిదప రబ్బరు భాగములు మార్చుకొనవలసి రావచ్చుననియు చెప్పిరి. కిలోమీటర్ల లెక్క బండికి సరిపోవునుగాని కట్టివేసిన పడవ కెట్లు సరిపోవును? దాని ఆయువు దూరముతో గాదు, నిలిచిన నెలలతో లెక్కింపబడును. ఆ సమాధానమున దాని కొక్కమాటయు లేదు.

న్యాయవాదవృత్తిలోనున్న మేము చట్టముమాట చెప్పక తప్పదు. మద్యసారములేని పెట్రోలును గూడ అమ్మవలెననియు, బంకులపై పాళ్లు వ్రాయవలెననియు కోరిన దావాను సుప్రీముకోర్టు 2025 సెప్టెంబరు 1వ తేదీన కొట్టివేసినది. కోర్టు జోక్యము చేసికొనకుండుట వేఱు, ప్రజల హక్కు లేకుండుట వేఱు. 2019 నాటి వినియోగదారుల సంరక్షణ చట్టము 2వ సెక్షను 9వ ఉపవిభాగమున, సరకుయొక్క నాణ్యమును, పరిమాణమును, సత్తువను, శుద్ధిని, ప్రమాణమును, ధరను తెలిసికొనుట కొనువాని హక్కు అని యున్నది. వీలయినంతవఱకు పలురకముల సరకులు పోటీధరలకు అందుబాటున నుండుటయు హక్కే యని యున్నది. నూనెడబ్బాపై ఏ గింజనూనెయో వ్రాయింతుము. మందుసీసాపై పాళ్లు వ్రాయింతుము. కోట్లజనులు దినదినమును కొను సరకునకు ఆ మర్యాద యేల చెల్లదు?

కావున మేము కోరునవి మూడు. ప్రతి పంపుపైనను ఇథనాలు ఇంతపాలని తెలుగున పెద్దయక్షరములతో వ్రాయవలెను. ప్రతి జిల్లాలోను, నదీతీరములందును సముద్రతీరమందును ముందుగా, ఒకటి రెండు బంకులందైన మద్యసారములేని పెట్రోలు దొరకవలెను. వరదపడవలకు అదియే పోయవలెను. వేడి తగ్గినంతమేరకైన పన్ను తగ్గింపవలెను. ఇందులో దేశమునకు హానిచేయునది ఒక్కటియు లేదు. ఏడాదికి నాలుగుమారులు నడచు పడవలకును, రెండు నెలలు నడచు మందుయంత్రములకును కావలసిన పెట్రోలు దేశపు వాడుకలో లెక్కకురానిది.

ప్రభుత్వము వినువఱకు మనము చేయదగినది కలదు. పంటకాలము తీరగనే మందుయంత్రపు తొట్టిని పూర్తిగా వంపివేసి, లోన మిగిలినది కాలిపోవువఱకు యంత్రమును నడిపి ఆపవలెను. సగముతొట్టి నిలువయుంచుట అన్నిటికన్న కీడు. పాతరబ్బరు గొట్టములను మద్యసారమునకు ఓర్చు గొట్టములతో మార్పింపవలెను. పడవకు నీటిని వేఱుచేయు వడపోత గిన్నెను తగిలింపవలెను. వరదపడవలున్న కొట్టులలో పెట్రోలు డబ్బాలపై పోసిన తేదీ వ్రాసి, నెలనెలకును దానిని బండ్లలో వాడివేసి క్రొత్తది నింపి, ఆ దినముననే యంత్రమును ఒకమారు నడిపి చూడవలెను. ఇది పెద్ద ఖర్చు గాదు, పెద్ద విద్యయు గాదు, అలవాటు మాత్రమే.

ఈ మందిరమున ఒక అర్జీ వ్రాసి యుంచబడినది. జిల్లా కలెక్టరుగారికి మన మడుగునది ఒక్క ప్రశ్న: తుంగభద్ర యొడ్డు గ్రామములకు కేటాయించిన పడవలెన్ని, వాని యంత్రములలో నేడున్న పెట్రోలు ఏ నాటిది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకై యొక యుద్యోగి కొట్టుతలుపు తీసి, త్రాడు లాగి చూచినను మన ప్రయత్నము సగము ఫలించినట్లే. ఎమ్మిగనూరు మిత్రులు తమయూరి సంతకములను వచ్చు ఆదివారములోపల పంపవలెనని ప్రార్థించుచున్నాము.