షికమూ

వేదిక మీదున్న మా సార్లకు, టీచరమ్మలకు షికమూ. అదేందో చెప్త.

మన చివ్వెంలల చదివి, బతుకుదెరువుకు టాంజానియా పోయి, దారెస్సలాంల పదకొండేండ్లు పనిచేసిన. అక్కడి స్వాహిలిల ‘హబారి’ అంటే ఏం సంగతి, ‘అసాంతే’ అంటే ధన్యవాదాలు, ‘కరిబు’ అంటే రాండ్రి. ఇవి వారంల వచ్చినయి. నోరు తిరగనిది ‘షికమూ’. పెద్దోళ్లకు చిన్నోళ్లు పెట్టే దండం అది. వాళ్లు ‘మరహబా’ అంటరు. అసలు అర్థం ‘మీ కాళ్లు పట్టుకుంటున్న’ అని.

మా తాత గడి ముందర ‘బాంచెన్, కాల్మొక్కుత’ అనేటోడు. ఆ మాట పోవాలనే గదా 1946 నుంచి 1951 దాకా మనోళ్లు కొట్లాడింది!

అందుకే మా ఆఫీసు ఊడ్చే ముసలమ్మకు ఉత్త ‘హబారి’ చెప్పి పోయేటోన్ని. ఒకనాడు మా మేనేజరు, ఆ దేశపాయనే, ఆమె ముందర ఆగి ‘షికమూ, మామా’ అన్నడు. (మామా అంటే అక్కడ అమ్మ.) ఆమె చీపురు ఆపకుండనే ‘మరహబా’ అన్నది. దండం వయసుకే, కుర్చీకి కాదని అప్పుడు తెలిసింది. మర్నాడు నేనూ అన్న.

మా నాయన పోయిన కబురొచ్చిననాడు ఆమెనే అందరికంటె ముందుగాల వచ్చి ‘పోలే సానా’ అన్నది. కష్టంల ఉన్నోళ్లకు చెప్పే మాట అది. మనం అట్లాంటప్పుడు ఏమనాల్నో తెల్వక ఊకుంటం.