ఎపిడారస్ రాళ్లు, థాసోస్ రోగులు



హిపోక్రటిస్ ప్రమాణం పేరు వినని వైద్యుడు ఉండడు. దాని పాత గ్రీకు పాఠం దేవుళ్లతో మొదలవుతుందన్న సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. అపోలో, అతని కొడుకు అస్క్లిపియస్, అస్క్లిపియస్ కూతుళ్లు హైజియా, పానసియా సాక్షిగా ఆనాటి శిష్యుడు మాట ఇచ్చేవాడు. ఇవాళ ఆసుపత్రి గోడల మీద కనిపించే హైజీన్ అనే మాట ఆ అమ్మాయి పేరుకు చుట్టమే.

అస్క్లిపియస్‌కు గ్రీసు దేశంలో చాలాచోట్ల గుళ్లుండేవి. వాటిలో పేరుమోసింది ఎపిడారస్. రోగి స్నానం చేసి, మొక్కు సమర్పించి, రాత్రి అబటాన్ అనే మంటపంలో పడుకునేవాడు. కలలో దేవుడు కనిపించి మందు వేస్తాడని, ఒక్కోసారి కత్తిపట్టి కోత కూడా కోస్తాడని నమ్మకం. గుళ్లో నిద్ర చేయడమంటే ఏమిటో ఎరిగిన తెలుగువాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కోరింత్‌లోని అస్క్లిపియస్ గుడిలో తవ్వినప్పుడు మట్టితో చేసిన చేతులు, కాళ్లు, చెవులు కుప్పలుగా బయటపడ్డాయి. అమ్మవారికి వెండి కళ్లు మొక్కుకునే చేతులకూ ఆ చేతులకూ పెద్ద దూరం లేదు.

నయమైనవాళ్ల కథలను ఎపిడారస్‌లో రాతిఫలకాల మీద చెక్కించారు. క్రీ.పూ. 4వ శతాబ్దానికి చెందిన ఆ శాసనాల్లో దాదాపు 70 కథలు మిగిలాయి. ఆంబ్రోసియా అనే ఏథెన్స్ స్త్రీకి ఒక కన్ను కనిపించేది కాదు. ఆవరణలో తిరుగుతూ ఆ రాతలు చదివి, ఒక్క కలతో కుంటివాళ్లు నడుస్తారా, గుడ్డివాళ్లు చూస్తారా అని నవ్వుకుంది. ఆ రాత్రే దేవుడు కలలోకి వచ్చాడు. నీకు నయం చేస్తాను, నీ తెలివితక్కువతనానికి గుర్తుగా గుడికి ఒక వెండి పందిని సమర్పించుకో అన్నాడు. చెడిన కంటిని కోసి మందు పోశాడట. తెల్లారేసరికి ఆమె బాగై వెళ్లిందని శాసనం చెబుతుంది. సందేహించిన మనిషిని కూడా ఆ గుడి బయటికి నెట్టలేదు. ఈ కథలో అన్నిటికన్నా విలువైన సంగతి అదే.

గుడికీ వైద్యుడికీ పడేది కాదనుకోవడం మన కాలపు ఊహ. ఏథెన్స్ నగరం నియమించుకున్న వైద్యులు ఏడాదికి రెండుసార్లు అస్క్లిపియస్‌కు, హైజియాకు బలి ఇవ్వడం ఆచారమని అక్కడి శాసనం ఒకటి చెబుతుంది. తమ కోసమూ, తాము నయం చేసిన రోగుల కోసమూ ఆ బలి.

ఆ ఏథెన్స్‌లోనే క్రీ.పూ. 430లో మహమ్మారి చెలరేగినప్పుడు గుడీ ఆదుకోలేదు, వైద్యమూ ఆదుకోలేదు. తానూ ఆ జబ్బుపడి లేచిన చరిత్రకారుడు థుసిడిడిస్ ఆ రోజులను కళ్లకు కట్టినట్టు రాశాడు. రోగుల దగ్గరికి ఎక్కువగా వెళ్లేది వైద్యులే కాబట్టి ఎక్కువగా చనిపోయిందీ వాళ్లేనన్నాడు. జబ్బు చేసి కోలుకున్నవాళ్లే మిగతావాళ్లను జాలిగా చూసుకున్నారని, అది రెండోసారి ఎవరి ప్రాణమూ తీయలేదని కూడా గమనించాడు. రోగనిరోధక శక్తి గురించి మనిషి రాసిపెట్టిన తొలి మాటల్లో ఇదొకటి. పదేళ్ల తర్వాత, క్రీ.పూ. 420లో, ఆ నగరం అస్క్లిపియస్‌ను తెచ్చుకుని గుడి కట్టుకుంది.

మూర్ఛను ఆ రోజుల్లో పవిత్రవ్యాధి అనేవాళ్లు. హిపోక్రటిస్ పేరున చేరిన 60 దాకా గ్రంథాల్లో ఒకటి ఈ జబ్బు మీదే ఉంది. తక్కిన రోగాలకన్నా ఇందులో దైవికమైనదేమీ లేదని, మంత్రాలతో శుద్ధి చేస్తామనేవాళ్లు తమకు తెలియనిదాన్ని దేవుడి చాటున దాచుకుంటున్నారని దాని రచయిత తేల్చేశాడు. దేవుడంతటి పరిశుద్ధుడు మనిషి ఒంటిని మలినం చేస్తాడనడమే అపచారమన్నాడు. జబ్బు ఉన్నది మెదడులో. మేకలకూ ఇది వస్తుంది, తల కోసి చూస్తే మెదడు నీరుపట్టి, కంపుకొడుతూ కనిపిస్తుందన్నాడు. కఫం నాళాల్లోకి దిగి గాలిని అడ్డుకుంటుందని ఆయన చెప్పిన కారణం తప్పు. చోటు మాత్రం సరిగ్గా చెప్పాడు. మూర్ఛ వచ్చిన మనిషి చేతిలో తాళాలగుత్తి పెట్టే దృశ్యం మన బస్టాండుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది గనుక, ఆ పుస్తకం మనకేమీ పాతబడలేదు.

ఒంట్లో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం ఉంటాయన్న ఆ గ్రీకు వైద్యుల లెక్క అరబ్బుల మీదుగా మన దాకా వచ్చింది. చార్మినార్ పక్కనున్న ఆసుపత్రి బోర్డు మీది యునానీ అనే మాటకు గ్రీకు వైద్యమనే అర్థం.

ఇన్నిటిలోకీ, మీరు వైద్యపట్టాలు పుచ్చుకునే ఈ రోజున చదవాల్సిన పుస్తకం మరొకటుంది. అదీ హిపోక్రటిస్ పేరున చేరిన గ్రంథాల్లోదే, పేరు ఎపిడెమిక్స్. దాని 1, 3 భాగాల్లో 42 మంది రోగుల కథలున్నాయి. వాళ్లలో 25 మంది చనిపోయారు. ఎపిడారస్ రాళ్ల మీద బతికినవాళ్లుంటే, ఈ పుస్తకంలో సగానికి పైగా పోయినవాళ్లే. తన చేతి కింద పోయినవాళ్లను దాన్ని రాసిన వైద్యుడు రోజువారీగా రాసిపెట్టుకున్నాడు. థాసోస్ దీవిలో ఫిలినస్ భార్య ఆడపిల్లను కన్న 14వ రోజున వణుకుతో జ్వరం తగిలింది. ఇవాళ్టి వైద్యులు ఆ పేజీ చదివితే బాలింత జ్వరాన్ని ఇట్టే పోల్చుకుంటారు.

అదే ఊళ్లో ఫిలిస్కస్ కోటగోడ దగ్గర ఉండేవాడు. మొదటి రోజు తీవ్రమైన జ్వరం, చెమట. మూడో రోజు మధ్యాహ్నం దాకా జ్వరం తగ్గినట్టే అనిపించింది. సాయంత్రానికి మళ్లీ వచ్చింది, నాలుక ఎండిపోయింది, మూత్రం నల్లగా పడింది. ఐదో రోజు ముక్కు నుంచి కాస్త రక్తం కారింది. ఆరో రోజు చనిపోయాడు. పక్కన కూర్చున్నవాడు అతని ఊపిరిని చివరిదాకా వింటూనే ఉన్నాడు. ఏదో గుర్తుచేసుకుంటున్న మనిషిలా, ఆగి ఆగి, పెద్దగా తీస్తున్నాడని రాసుకున్నాడు. అలాంటి ఊపిరినే 1818లో డబ్లిన్‌లో జాన్ చేన్, 1854లో విలియం స్టోక్స్ మళ్లీ వర్ణించారు. దానికి ఇప్పుడు వాళ్లిద్దరి పేర్లే ఉన్నాయి. రేపటి నుంచి మీలో కొందరు రాత్రి డ్యూటీలో, ఏదో ఒక మంచం పక్కన, ఆ ఊపిరి వింటారు.